చేపకు తగిన గాలం, చేతికి తగిన బాధ్యత

రెండేళ్ళ క్రితం వేసవిలో మా మేనల్లుడు స్వీడన్ దేశం నుండి సెలవుపై జనగామకు వచ్చాడు. అతని సామానులో ఒక పొడవాటి గుడ్డసంచి ఉన్నది. దానిలో రెండు ముక్కలుగా విడదీసిన సన్నని నల్లని కర్ర, ఒక చిన్న రీలు, ఒక డబ్బా నిండా తళతళలాడే లోహపు స్పూన్లు ఉన్నాయి. "మామూజాన్, అక్కడ సెలవు రోజుల్లో మేము ట్రౌట్ చేపలను దీనితోనే పడతాము. ఇక్కడి చెరువులో కూడా ఒకసారి వేసి చూద్దాం రండి" అన్నాడు. బాల్యంలో వెదురు కర్రకు తంగూసు కట్టి, బెండు వేసి, జెల్లలు, పరకలు పట్టినవాణ్ణి నేను. ఎన్నో ఏళ్ళుగా మదర్సాలో పాఠాలు చెబుతున్నప్పటికీ ఆ సరదా నన్ను పూర్తిగా విడిచిపోలేదు. మరునాడు ఫజ్ర్ నమాజు ముగియగానే ఇద్దరమూ చెరువుకట్ట చేరుకున్నాము.

నాలుగవసారి విసిరినప్పుడు తామరాకుల అంచున నీరు ఒక్కసారిగా చెదిరింది. కర్ర విల్లులా వంగింది. చేప నేరుగా తామర తూండ్ల మధ్యకు దూరింది. మావాడు ఆపబోయాడు, సన్నని దారం పుటుక్కున తెగిపోయింది. మూడు కొక్కేలున్న స్పూను చేప నోటితోనే వెళ్ళిపోయింది. మంచి చేప చేజారినదని మావాడు బాధపడ్డాడు. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన నా బాధ కూడా అదే.

అంతలో మత్స్యకారుల సహకార సంఘం పెద్దమనిషి ఒకరు కట్ట మీదికి వచ్చారు. నాకంటే వయసులో పెద్దవారు. తెగిన దారాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, "మౌల్సాబ్, మీరని ఊకున్న. గీ దారంతోని కొర్రమట్ట ఆగుతదా? ఒక్క మాట అడిగితే నేనే చెప్తుంటి గద" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అందువల్లనే ఆ మాట నన్ను మరింత గట్టిగా తాకింది. సంఘం వారు పెంచుకుంటున్న చేపల కోసం గాలం వేస్తూ, వారిని అడగాలన్న ఆలోచన మాకు రాలేదు.

పది రోజుల తరువాత ఆయనే మదర్సా గేటు వద్దకు వచ్చి ఒక కాగితపు పొట్లం నా చేతిలో పెట్టారు. లోపల మా స్పూను! వలలో ఒక కొర్రమట్ట పడిందట. పై దవడ, కింది దవడ కలిపి కొక్కేలతో కుట్టినట్లయి, నోరు తెరవలేక, తల మాత్రమే మిగిలి ఒళ్ళు ఎండిపోయినట్లు ఉన్నదట. "తిండి లేక చిక్కిపోయింది సాబ్, అమ్మకానికి పనికిరాలె" అన్నారు. ఆ చేప ఖరీదును, ఆయన వద్దంటున్నా, సంఘానికి చెల్లించాను. క్షమాపణ అడిగాను. అయితే పది రోజులు ఆకలితో అలమటించిన ఆ మూగప్రాణికి చెల్లించవలసిన లెక్క డబ్బుతో తీరేది కాదు.

ఆనాటి నుండి ఈ పరికరాల గురించి తెలిసినవారిని అడిగి, చదివి, చేతితో పరీక్షించి నేర్చుకున్నాను. ఇప్పుడు మన ఇండ్లలోకి ఇటువంటి గాలాలు తరచుగా వస్తున్నాయి. గల్ఫ్ నుండి, ఐరోపా నుండి వచ్చేవారు తెస్తున్నారు, ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. మదర్సా విద్యార్థుల తండ్రులు కూడా నన్ను అడుగుతుంటారు. వారందరి కోసమే ఈ వ్యాసం.

కత్తికి పదును, గాలానికి బలం

సముద్రపు వేట, దాని ఆహారం మనకు ధర్మసమ్మతమని దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 96వ ఆయతు స్పష్టం చేస్తున్నది. చేపను జిబహ్ చేయవలసిన అవసరం కూడా లేదు. అంతమాత్రాన దాని పట్ల మన బాధ్యత తొలగిపోలేదు. ప్రతి పనిని ఉత్తమ రీతిలో చేయడాన్ని అల్లాహ్ విధిగా నిర్ణయించాడని, జిబహ్ చేసేవాడు తన కత్తికి పదును పెట్టుకొని జంతువుకు బాధను తగ్గించాలని దైవప్రవక్త (స) బోధించిన విషయం సహీహ్ ముస్లిం గ్రంథంలో నమోదై ఉన్నది. కసాయివానికి పదునైన కత్తి ఎటువంటిదో, గాలం వేసేవానికి చేపకు తగిన కర్ర, తగిన దారం, తగిన కొక్కెం అటువంటివే. మొద్దుకత్తితో జిబహ్ చేయడం ఎంత అన్యాయమో, తెగిపోతుందని తెలిసిన దారంతో పెద్ద చేపకు గాలం వేయడం కూడా అంతే అన్యాయం. కనుక పరికరాల ఎంపిక కేవలం సరదాకు సంబంధించిన విషయం కాదు.

ఆ మూడు చేపలు, మన చేపలు

విదేశాల నుండి వచ్చే రాడ్లలో అధికభాగం పైక్, సాల్మన్, ట్రౌట్ అనే మూడు చేపలను దృష్టిలో పెట్టుకొని తయారైనవి. ఆ చేపల స్వభావం తెలిస్తే, ఏ రాడ్డు మనకు పనికివస్తుందో సులభంగా తెలుస్తుంది.

పైక్ పొడవాటి శరీరం, బాతు ముక్కు వంటి మూతి, పదునైన పండ్లు ఉన్న చేప. నాచు మధ్య కదలకుండా పొంచి ఉండి, ఎర దగ్గరకు రాగానే బాణంలా దూకుతుంది. సాల్మన్ నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ నదికి ఎదురీదుతుంది. బలమైనది, దూరం పరుగెత్తేది. ట్రౌట్ చల్లని, స్వచ్ఛమైన పారే నీటిలో మాత్రమే బ్రతుకుతుంది. మన దేశంలో కాశ్మీరు, హిమాచల్, నీలగిరుల చల్లని సెలయేళ్ళలో ఉన్న ట్రౌట్ చేపలు బ్రిటిషువారి కాలంలో తెచ్చి వదిలినవాటి సంతతి. వేసవిలో వేడెక్కే మన చెరువుల్లో వాటికి బ్రతుకు లేదు.

మరి మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నీళ్ళలో ఏమున్నాయి? పైక్ స్థానంలో మనకు కొర్రమట్ట ఉన్నది. కొర్రమీను అని కూడా పిలిచే ఈ చేప తెలంగాణ రాష్ట్ర చేప. ఇది కూడా పొంచి ఉండి దూకే వేటగాడే. తామరాకుల కింద, గుర్రపుడెక్క అంచున, మత్తడి దగ్గరి నాచులో ఉంటుంది. నీటిలోని గాలి చాలక మధ్యమధ్య పైకి వచ్చి గాలి పీలుస్తుంది. కాళేశ్వరం వద్ద ప్రాణహితను కలుపుకొని ప్రవహించే గోదావరిలో వాలుగ ఉన్నది. పెద్ద నోరు, పండ్ల వరుసలు కలిగిన ఈ చేప బలంలో సాల్మన్‌కు తీసిపోదు. ఇవి రెండూ కదిలే ఎరను తరిమేవి. కనుక స్పిన్నింగ్ పరికరం వీటికి పనికివస్తుంది.

బొచ్చె, రవ్వ, మోసు అటువంటివి కావు. బొచ్చె నీటి పైభాగంలో, రవ్వ నడిమి నీటిలో, మోసు అడుగున మేస్తాయి. ఇవి స్పూనును తరమవు. వీటికి తౌడు, పల్లిచెక్క, గోధుమపిండి కలిపిన ముద్దయే సరైన ఎర. చెరువుల్లో సంఘాలు పెంచేవి ప్రధానంగా ఇవే. స్పూను విసిరి గంటల తరబడి నిలబడి "ఈ చెరువులో చేపలే లేవు" అని విసుగుపడేవారు ఈ తేడాను గమనించరు.

మన చెరువుల్లో గాలం వేయడం కొత్త విద్య కాదు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ అనే ఆంగ్లేయుడు 1873లో భారతదేశపు గాలపు వేట గురించి ఒక గ్రంథాన్ని, 1887లో కేవలం చెరువుల్లో గాలం వేయడం గురించే మరొక గ్రంథాన్ని ప్రచురించాడు. బయ్యారంలో కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెరువు, భూపాలపల్లి జిల్లా గణపురంలోని గణపసముద్రం వంటివి ఏడెనిమిది వందల ఏళ్ళుగా పొలాలకు నీటిని, ఊళ్ళకు చేపను ఇస్తున్నాయి. దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు జనగామ ప్రాంతపు రిజర్వాయర్లకు కూడా చేరుతున్నది.

కర్ర

రాడ్డు పిడికి పైభాగాన కొన్ని అంకెలు ముద్రించి ఉంటాయి. కొనేముందు వాటిని తప్పక చదవాలి. మొదటిది పొడవు. రెండవది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ కర్రతో విసరదగిన ఎర బరువు; దీనిని గ్రాములలో చూపుతారు. మూడవది దానికి తగిన దారపు బలం.

ట్రౌట్ కోసం చేసిన కర్రపై 2 నుండి 10 గ్రాములు అని గానీ, దానికి దగ్గరి అంకెలు గానీ ఉంటాయి. అది వ్రేలి లావు చేపకు సరిపోతుంది. మా మేనల్లుడు తెచ్చినది అదే. పైక్ కర్రపై 20 నుండి 60 గ్రాములు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ ఉంటుంది. కొర్రమట్ట కోసం ఆరున్నర నుండి ఏడు అడుగుల పొడవు, 10 నుండి 40 గ్రాముల ఎరను మోయగల గట్టి కర్ర సరైనది. దాని కొన మాత్రమే వంగి, నడుము గట్టిగా నిలవాలి. అప్పుడే నాచులోకి దూరబోయే చేపను క్షణంలో మళ్ళించగలము. అంటే మీ బంధువు పైక్ రాడ్డు తెస్తే దానిని ఉంచుకోండి. ట్రౌట్ రాడ్డు తెస్తే పిల్లలకు జెల్లలు, పక్కెలు పట్టడానికి ఇవ్వండి.

బొచ్చె, రవ్వలకు కట్ట మీద నుండి దూరంగా విసరాలి కాబట్టి ఎనిమిది నుండి పది అడుగుల కర్ర మేలు. అది నడుము వరకు మెత్తగా వంగాలి. రవ్వ పెదవి మెత్తనిది. గట్టి కర్రతో లాగితే కొక్కెం పెదవిని చీల్చుకొని వస్తుంది. గోదావరి వాలుగకు ఎనిమిది అడుగుల దృఢమైన కర్ర కావాలి. అయితే వాలుగ ఇప్పుడు తగ్గిపోతున్న చేప అని గుర్తుంచుకొని, చిన్నవాటిని నీటికే విడిచిపెట్టడం మంచిది.

కార్బన్ కర్ర తేలికైనది, కానీ పెళుసు. రాతికి తగిలితే పగులుతుంది. ఫైబర్ గ్లాసు కర్ర బరువైనది, కానీ మొరటు వాడకాన్ని తట్టుకుంటుంది. క్రొత్తగా నేర్చుకొనేవారికి, పిల్లలకు ఫైబర్ గ్లాసే నయం. ఒక హెచ్చరిక: కార్బన్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. మన చెరువుల ప్రక్కన వ్యవసాయ మోటార్ల కరెంటు తీగలు చేతికందే ఎత్తున వ్రేలాడుతుంటాయి. వాటి కింద పొడవాటి కర్రను ఎత్తడం ప్రాణాంతకం. ఉరుములు మొదలైతే కర్రను నేలపై పెట్టి కట్ట దిగిపోవాలి.

రీలు

స్పిన్నింగ్ రీలులో దారం చుట్టిన కండె తిరగదు. దాని చుట్టూ ఒక తీగ కమ్మి తిరుగుతూ దారాన్ని చుడుతుంది. విసిరినప్పుడు కమ్మిని తెరిస్తే దారం కండె అంచు మీదుగా చుట్లు చుట్లుగా జారిపోతుంది. చేనేత మగ్గం చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. నిజానికి దీని పుట్టుక కూడా అక్కడే. ఇంగ్లండులో బట్టల మిల్లుల వ్యాపారి ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్, మిల్లులో కండె నుండి నూలు జారే తీరును గమనించి, 1905లో ఈ రకపు రీలుకు పేటెంటు పొందాడు.

రీళ్ళ పరిమాణాన్ని వేల అంకెలలో చెబుతారు. 1000, 2000 ట్రౌట్‌కు, చిన్న చేపలకు చెందినవి. 3000 లేదా 4000 పైక్‌కు, మన కొర్రమట్టకు, రవ్వకు సరిపోతుంది. సాల్మన్, వాలుగ వంటి పరుగు చేపలకు 4000 నుండి 6000 వరకు కావాలి. ఇంటికి ఒక్క రీలే కొనదలచినవారు 4000 కొంటే చాలు.

రీలులో అన్నిటికంటే విలువైన భాగం డ్రాగ్ అని పిలిచే బిగింపు మర. చేప బలంగా లాగినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెంగా జారిపోయేలా చేసేది ఇదే. దీనిని దారం బలంలో నాలుగవ వంతు నుండి మూడవ వంతు మధ్య బిగించాలి. ఇంట్లో స్ప్రింగు కాటా ఉంటే దాని కొక్కేనికి దారం చివర కట్టి, కర్రను ఎత్తి లాగి చూడవచ్చు. ఆరు కిలోల బలమున్న దారమైతే, కాటా ఒకటిన్నర నుండి రెండు కిలోలు చూపినప్పుడు రీలు జారడం మొదలుపెట్టాలి. జారేటప్పుడు కుదుపు లేకుండా జారుతున్నదా అని కూడా పరీక్షించండి. ఆగి ఆగి జారే రీలును, ఎంత చవకగా వచ్చినా, కొనవద్దు. తామర, నాచు ఉన్నచోట మాత్రం చేపకు పరుగు ఇవ్వకూడదు. అక్కడ బలమైన దారం వేసి, మరను ఇంకొంత బిగించుకోవాలి. ఆ ఉదయం మేము చేసిన తప్పు ఇదే. పారే సెలయేటిలో ట్రౌట్‌కు ఇచ్చే పరుగును, తామర మధ్య కొర్రమట్టకు ఇచ్చాము.

కండెపై దారాన్ని అంచుకు రెండు మిల్లీమీటర్లు తక్కువగా నింపాలి. మరీ నిండితే చుట్లు ఒక్కసారిగా జారి చిక్కుపడతాయి; మరీ తగ్గితే ఎర దూరం పోదు.

దారం

దారాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది మన తంగూసు. ఇది సాగుతుంది, ఆ సాగుదల చేప కుదుపును మింగుతుంది. ధర తక్కువ. అయితే ఎండకు బలహీనపడుతుంది కనుక ఏటా మార్చాలి. బొచ్చె, రవ్వలకు 0.30 నుండి 0.35 మిల్లీమీటర్ల తంగూసు తగినది. రెండవది అల్లిక దారం. అదే మందంలో ఇది ఎన్నో రెట్లు బలమైనది, సాగనిది, నాచును సైతం కోసుకొని వచ్చేది. కొర్రమట్టకు 30 నుండి 40 పౌండ్ల అల్లిక దారం, అనగా సుమారు 13 నుండి 18 కిలోల బలమున్నది కావాలి. ఇది రాతి అంచుకు తగిలితే తెగుతుంది. వ్రేళ్ళకు చుట్టుకొని లాగితే మాంసం కోస్తుంది. తుమ్మకంపలో చిక్కుకుంటే చేతితో కాక, ఒక కర్రముక్కకు చుట్టి లాగండి.

పైక్ పండ్లు దారాన్ని కొరుకుతాయి కనుక ఐరోపావారు కొక్కేనికి ముందు జానెడు తీగ కడతారు. వాలుగకు కూడా ఈ జాగ్రత్త అవసరం. కొర్రమట్టకు మందమైన తంగూసు ముక్క సరిపోతుంది. ముడి బిగించేముందు దానిని తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది. ప్రతి ఉదయం మొదటి మూరెడు దారాన్ని వ్రేళ్ళ మధ్య లాగి, గరుకుగా తగిలితే కోసివేయండి. తెగిన దారాన్ని కట్ట మీద పారవేయకండి. అది కొంగల కాళ్ళకు, మేకపిల్లల డెక్కలకు చుట్టుకుంటుంది. దారిలో ఇతరులకు హాని కలిగించేదానిని తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని మనం పిల్లలకు నేర్పుతున్నాము. దానిని మన చేతులతోనే దారిలో పడవేయడం తగదు.

కొక్కెం, ఎర

స్పిన్నింగ్ ఎరలలో ముఖ్యమైనవి మూడు. ఊగుతూ మెరిసే స్పూను, ఇరుసు చుట్టూ రేకు తిరిగే స్పిన్నర్, రబ్బరుతో చేసిన కప్ప. పైక్‌కు పెద్ద స్పూను, ట్రౌట్‌కు చిన్న స్పిన్నర్ వాడుక. తామరాకులు నిండిన మన చెరువుల్లో స్పూను ప్రతిసారీ నాచులో తగులుకుంటుంది. కనుక అక్కడ రబ్బరు కప్పయే ఉత్తమం. దాని కొక్కేలు వీపుకు ఆనుకొని పైకి ఉంటాయి. ఆకుల మీదుగా జారుతుంది, చేప నోటిలో నొక్కుకున్నప్పుడే కొక్కెం బయటపడుతుంది. కప్పను మింగినట్లు కనిపించగానే లాగకుండా, ఒకటి రెండు అంకెలు లెక్కపెట్టి లాగాలి.

ఇక్కడ ఒక విషయాన్ని మన కుటుంబాలవారు ప్రత్యేకంగా గమనించాలి. మన ప్రాంతంలో కొర్రమట్టకు బ్రతికున్న కప్పపిల్లను కొక్కేనికి గుచ్చి వేయడం పాత అలవాటు. ఒక వైద్యుడు కప్పను మందులో వాడడం గురించి అడిగినప్పుడు దైవప్రవక్త (స) దానిని చంపవద్దని వారించిన హదీసు అబూదావూద్‌లో ఉన్నది. వైద్యానికే వారించినప్పుడు సరదాకు ఎలా కూడుతుంది? పంటలపై పురుగులను తినే కప్పలు రైతుకు కూడా మేలు చేసేవి. కప్పకాళ్ళ ఎగుమతిని భారతదేశం 1987లోనే నిషేధించింది. రబ్బరు కప్ప దొరుకుతున్న ఈ రోజుల్లో ప్రాణమున్న కప్పను హింసించడానికి ఏ సాకూ లేదు.

మూడు కొక్కేల గుత్తిని తీసివేసి ఒంటి కొక్కెం అమర్చుకోండి. కొక్కెం కొనకు వెనుక ఉండే ముల్లును పటకారుతో నొక్కివేయండి. దారం గట్టిగా ఉంచితే చేప జారిపోదు. ఒకవేళ దారం తెగినా, ముల్లులేని ఒంటి కొక్కెం నోటి నుండి ఊడిపోయే అవకాశం ఎక్కువ. ఆనాడు మా స్పూనుకు అటువంటి కొక్కెం ఉండి ఉంటే ఆ కొర్రమట్ట ఆకలితో చిక్కిపోయి ఉండేది కాదు. పటకారు వెంట లేకుండా చెరువుకు వెళ్ళవద్దు; చేప నోటి నుండే కాదు, మన చేతి నుండి కొక్కెం తీయడానికి కూడా అదే కావాలి.

ఎప్పుడు వేయకూడదు?

తొలకరి తరువాత వానాకాలంలో కొర్రమట్ట గుడ్లు పెడుతుంది. ఎర్రని పిల్లలు గుంపుగా నీటిపైకి వచ్చి గాలి పీలుస్తూ, మరుగుతున్న నీటిలా కనిపిస్తాయి. వాటి కిందనే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. ఆ గుంపు మధ్యకు ఎర విసిరితే, పెద్ద చేప ఆకలితో కాక పిల్లలను కాపాడుకోవాలన్న ఆరాటంతో దానిపై దూకుతుంది. దానిని పట్టుకోవడం చాలా సులభం. కొందరు దీనిని నేర్పరితనంగా కూడా చెప్పుకుంటారు. కానీ తల్లిదండ్రులు పోయిన మరుక్షణం మిగతా చేపలు ఆ పిల్లలను మింగివేస్తాయి. ఒక ప్రయాణంలో సహచరులు ఒక పక్షి పిల్లలను తీసుకున్నప్పుడు, రెక్కలు కొట్టుకుంటూ తిరుగుతున్న ఆ తల్లిని చూసి, దాని పిల్లలను దానికి తిరిగి ఇవ్వమని దైవప్రవక్త (స) ఆజ్ఞాపించారు. ఇది కూడా అబూదావూద్‌లోని హదీసే. ఎర్రని పిల్లల గుంపు కనిపించినచోట గాలాన్ని చుట్టుకొని వెనుదిరగండి.

ఎవరిని అడగాలి?

మన చెరువుల్లో చేప దానంతట అది పుట్టి పెరుగుతున్నదని చాలామంది భావిస్తారు. చెరువులపై హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘాలది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన పిల్లలనో, సంఘం కొన్న పిల్లలనో నీటిలో వదిలి, కాపలా కాసి, వేసవిలో పట్టి అమ్ముకొని ఎన్నో ముదిరాజ్, బెస్త కుటుంబాలు బ్రతుకుతున్నాయి. వారి అనుమతి లేకుండా పట్టిన చేప, నీటిలో పుట్టినదే అయినా, పరుల హక్కుతో ముడిపడి ఉన్నది. మానవుల హక్కులను ఆ మానవులే మన్నించాలని మనకు తెలుసు. రిజర్వాయర్లు, బ్యారేజీల వద్ద నీటిపారుదల శాఖ నిబంధనలు ఉంటాయి; గేట్ల దిగువన నీరు ఏ క్షణాన పెరుగుతుందో చెప్పలేము. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల పరిధిలోని నీళ్ళలో అటవీశాఖ అనుమతి లేకుండా గాలం వేయరాదు. ఇక పేలుడు పదార్థాలతో, విషంతో చేపలను చంపడాన్ని 1897నాటి భారత మత్స్య చట్టమే నేరంగా ప్రకటించింది. కరెంటు తీగను నీటిలో పెట్టడం చేపలతో పాటు మనుషులను కూడా చంపుతుంది.

పట్టిన తరువాత

చేపను కట్ట మీద గంటల తరబడి కొట్టుకోనివ్వకండి. తలపై ఒక గట్టి దెబ్బతో వెంటనే ప్రాణం పోయేటట్లు చేయడం దయకు దగ్గరి మార్గం. ఇంటికి ఎంత అవసరమో అంతే పట్టండి. తినే ఉద్దేశం లేకుండా, కేవలం ఫోటో కోసం ఒకదాని తరువాత ఒకటి నోరు గుచ్చి వదలడం విదేశాల్లో ఒక క్రీడగా ఉన్నది. ప్రాణిని ఆటవస్తువుగా చేసుకోవడాన్ని మన ధర్మం ఇష్టపడదు. చిన్న చేప పడితే మాత్రం తడిచేతితో పట్టుకొని వెంటనే వదలండి; పొడిచేయి దాని ఒంటి జిగురును తుడిచివేస్తుంది.

గాలపు గాయంతో చనిపోయిన చేపను తినవచ్చునా అని విద్యార్థులు అడుగుతుంటారు. బాహ్య కారణంతో చనిపోయినది కనుక హనఫీ పండితుల ప్రకారం తినవచ్చు. ఏ కారణమూ లేకుండా దానంతట అది చనిపోయి వెల్లకిలా తేలిన చేపను మాత్రం హనఫీలు తినరు; ఇతర మజ్‌హబ్‌లలో దానికి అనుమతి ఉన్నది. కుళ్ళి, ఆరోగ్యానికి హాని చేసే స్థితికి చేరినదానిని ఎవరూ తినకూడదు.

ఖర్చు విషయంలో ఒక మాట. డబ్బు పరిమితంగా ఉంటే మొదట దారానికి, కొక్కేలకు, ఆ తరువాత రీలుకు, చివరకు కర్రకు ఖర్చుపెట్టండి. చేప తెంచుకొని పోయేది దారం దగ్గరే గానీ కర్ర దగ్గర కాదు. చేతిలో ఒక మంచి పరికరం ఉండగా పేరు కోసం పది కొనడం దుబారా.

గత శీతాకాలంలో మా మేనల్లుడు మళ్ళీ వచ్చాడు. ఈసారి ముందుగా ఇద్దరమూ సంఘం పెద్దమనిషి ఇంటికి వెళ్ళి అనుమతి అడిగాము. ఆయన నవ్వి, సంఘానికి చెల్లించవలసిన మొత్తం చెప్పి, తానే వెంట వచ్చి కొర్రమట్ట తిరిగే చోటు చూపించారు. గట్టి కర్ర, అల్లిక దారం, ముల్లు నొక్కిన ఒంటి కొక్కెంతో రబ్బరు కప్ప. ఎండ ఎక్కేవరకు విసిరితే ఒక్క చేప పడింది. తామరలోకి దూరబోయింది, కానీ దారం ఆగింది. రెండు నిమిషాల్లో ఒడ్డుకు వచ్చింది. "గిప్పుడు సరిగ్గున్నది మౌల్సాబ్" అన్నారాయన. ఆ చేపలో సగం ఆయన ఇంటికి, సగం మా ఇంటికి వెళ్ళింది.

పాత స్పూను ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉన్నది. ఎవరైనా గాలం గురించి అడగడానికి వస్తే మొదట దానినే చూపిస్తాను.

తాను ప్రసాదించిన ఆహారాన్ని ధర్మసమ్మతంగా, దయతో, పరుల హక్కులకు భంగం కలగకుండా సంపాదించుకొనే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ అనుగ్రహించుగాక. ఆమీన్.